కరెంటు శృతి

కర్నూల్లో కరెంటుకి ఒక శృతి ఉంది. కడపలోనూ అదే, దేశమంతా అదే. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ 50 హెర్ట్జ్‌ని స్వరంగా వింటే జి కంటే కొంచెం ఎక్కువ, జి షార్ప్ కంటే బాగా తక్కువ. జి లో పాట ఎత్తుకుంటే ఈ మోత పక్కనే కూర్చుని, కలిసీ కలవకుండా రాసుకుంటూ పోతుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి వాళ్ళ మోత ఎ షార్ప్‌కీ బి కీ మధ్యన పడుతుంది. సింగిల్ కాయిల్ పికప్‌లున్న ఎలక్ట్రిక్ గిటారుని ఆంప్‌కి తగిలించి ఏమీ వాయించకుండా ఊరకే నిలబడండి. 50, దాని రెట్టింపు 100, మూడింతలు 150, అన్నీ కలిపి గుయ్యిమంటాయి.

ఈ శృతి ఇక్కడ ఎక్కువగా వినబడేది మందిరాల్లో. రాయలసీమలో ఎలక్ట్రిక్ గిటారు అంటే రాక్ బ్యాండు కాదు. కాలేజీ ఫెస్టులో ఏడాదికొకసారి, పెళ్ళి ఆర్కెస్ట్రాలో సీజనుకి కొన్నిసార్లు మోగుతుంది. వారం తప్పకుండా మోగేది మాత్రం ఆదివారం ఆరాధనలోనే. కడప, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్, కర్నూల్లో అమెరికన్ బాప్టిస్టులు, నంద్యాలలో ఎస్‌పీజీ వాళ్ళు పాతుకున్న చోటల్లా పాట కూడా పాతుకుంది. హార్మోనియం, తబలాతో నడిచిన కీర్తన ఇప్పుడు కీబోర్డు, డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటారు దాకా వచ్చింది. ఈ ఊళ్ళో గిటారు నేర్చుకున్న పిల్లోళ్ళలో చాలామందికి మొదటి స్టేజీ మందిరమే.

పాట జరుగుతున్నంత సేపూ మోత ఎవరికీ వినబడదు. డ్రమ్స్ కింద అణిగిపోతుంది. పాట అయిపోయి అందరూ కళ్ళు మూసుకుని తల వంచుకున్నప్పుడు మొదలవుతుంది అసలు బాధ.

సాయంత్రాలు మా ఇంటి వరండాలో కడప బండ మీద కూర్చుని గిటార్లు బాగుచేస్తుంటాను. బతుకుదెరువు వేరే, ఇది ఇష్టం కొద్దీ చేసే పని. రెండేళ్ళ కింద మార్చిలో డిగ్రీ చదివే పిల్లోడొకడు బ్యాగు తగిలించుకుని వచ్చాడు.

"న్నా, దీనికి నాయిస్‌లెస్ ఏపిచ్చల్ల."

"యాడ వస్తాంది నాయిసు?"

"మందిరంలోనే న్నా. పాస్టరయ్య ప్రార్థన మొదలుపెడ్తే చాలు, నాదొక్కటే గుయ్యిమంటాంది. పెద్దోళ్ళు తిరిగి తిరిగి సూస్తాండారు. ఇట్లే ఉంటే కీబోర్డు చాలు, గిటారు వద్దులే అన్యారు."

ముందు మందిరంలో కరెంటు ఎట్లుందో చూద్దాం, ఆ తర్వాత పికప్‌ల సంగతి, అన్నాను. వాడప్పటికే డబ్బు కట్టేసి ఉన్నాడు. గిటారు సెకండ్ హ్యాండులో తొమ్మిది వేలకి కొన్నది. పికప్‌లు అమెరికా నుంచి రావాలి, మూడింటి సెట్టు ఇరవై వేల పైన. రెండు పెళ్ళి సీజన్లు ఆర్కెస్ట్రాలో తెల్లవారుజాము దాకా వాయించి కూడబెట్టిన డబ్బు. గిటారు కంటే దాని పికప్‌లు ఖరీదు. ఎద్దు కంటే గంట ఖరీదు అని మా ఇంట్లో నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. వాడు కొనుక్కుంటున్నది శబ్దం కాదు, ఆ టీములో తన చోటు.

*

నాయిస్‌లెస్ పికప్ అంటే ఏమిటో తెలియాలంటే ముందు మామూలు పికప్ ఏం చేస్తుందో తెలియాలి. అది అయస్కాంతాల చుట్టూ చుట్టిన రాగి తీగ. వెంట్రుకంత సన్నని తీగని దాదాపు ఎనిమిది వేల చుట్లు చుడతారు. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి చుట్టలో కరెంటు పుడుతుంది. చిక్కేమిటంటే ఎనిమిది వేల చుట్ల రాగి మంచి ఏరియల్ కూడా. ట్రాన్స్‌ఫార్మరు, ట్యూబ్‌లైట్ చోకు, గోడలో పోయే వైరు, ఏది చుట్టూ 50 హెర్ట్జ్ క్షేత్రాన్ని చిమ్మినా ఇది పట్టేస్తుంది. గిటారు తీగకీ చోకుకీ దానికి తేడా తెలియదు.

టెలికాస్టర్, స్ట్రాటోకాస్టర్ గిటార్లు రూపొందించిన లియో ఫెండర్ ఒక రేడియో మెకానిక్. ఆయనకి గిటారు వాయించడం రాదు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌కి మూడు సింగిల్ కాయిళ్ళు. ఆ గాజుమెరుపు లాంటి పలుకు ఎంత పేరు తెచ్చుకుందో, దానితో పాటే ఆ మోత కూడా అంతే పేరు తెచ్చుకుంది. మరుసటి ఏడు, 1955లో, గిబ్సన్ కంపెనీలో పనిచేసే సెత్ లవర్ హంబకర్‌కి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. అది చేతికొచ్చింది 1959లో. ఉపాయం వినడానికి చిన్నదే. ఒకటికి బదులు రెండు కాయిళ్ళు పెట్టి, ఒకదాన్ని తిరగేసి కలపాలి. అప్పుడు మోత తలకిందులవుతుంది, తీగ పలుకు కూడా తలకిందులవుతుంది. ఇప్పుడు ఆ కాయిల్ కిందుండే అయస్కాంతాన్ని కూడా తిరగేయాలి. తీగ పలుకు మళ్ళీ నిటారవుతుంది. మోతకి అయస్కాంతంతో పనిలేదు కాబట్టి అది తలకిందులుగానే ఉండిపోతుంది. రెండు కాయిళ్ళనీ కలిపితే మోతలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, పలుకులు కూడుకుంటాయి.

హంబకర్ వెడల్పు ఎక్కువ, పలుకు కూడా లావు. స్ట్రాట్ గిటారులోని సన్నని గాడిలో అది పట్టదు, పట్టినా ఆ మెరుపు రాదు. అందుకని తర్వాతి వాళ్ళు రెండు కాయిళ్ళని పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి పేర్చారు. తీగకి దగ్గరగా ఉండే పై కాయిల్ పాట వింటుంది. దూరంగా ఉండే కింది కాయిల్‌కి వినబడేది ఎక్కువగా మోతే. పైదాన్లోంచి కిందిదాన్ని తీసేస్తే మిగిలేది పాట. మా వాడు తెప్పించుకున్నది ఈ రకం. ఇందులో పోయేది కూడా కొంత ఉంటుంది. మోతతో పాటు పై స్వరాల్లో ఒక పిసరు గాలి కూడా పోతుంది. పాత సింగిల్ కాయిల్ విన్న చెవికి అది తెలుస్తుంది. అది తెలిసే చాలామంది గొప్ప వాయిద్యగాళ్ళు మోతతోనే బతికారు.

మోత ఎందుకంత ముఖ్యమంటే, ఎలక్ట్రిక్ వాయిద్యం పెట్టుకునేదే నాదం నిలవడానికి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ (1969–2014) కర్ణాటక సంగీతానికి ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నాడు. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతల తీగలుంటే ఆయనది ఐదు ఒంటి తీగలు. గమకం పలకాలంటే ఒకసారి మీటిన నాదం చచ్చిపోకుండా వేలు వెంట జారాలి. అట్లా నిలిచే కొద్దీ నాదం తోక పలచబడుతుంది. ఆ తోక దగ్గరే మోత పైకి తేలుతుంది. అందుకే నెమ్మది పాట వాయించేవాడికి మోత బాధ ఎక్కువ. మందిరంలో పాటలు ఎక్కువ నెమ్మదివే.

*

పికప్‌లు మే నెలలో వచ్చాయి. బయట ఎండ నలభై దాటింది.

తీగలు వదులు చేసి, పిక్‌గార్డు మరలు తీసి తిరగేస్తే లోపల ఎవరో హడావుడిగా చేసిన అతుకులు కనబడ్డాయి. టంకం పట్టీ పట్టకుండా బూడిద రంగులో ఉంది. కొత్త పికప్‌ల కన్నా ముందు ఇవి చూడాలి. బ్రిడ్జికి పోవాల్సిన గ్రౌండు వైరు, వెనక స్ప్రింగులు పట్టుకునే రేకు దగ్గర ఊడి ఉంది. తీగలు గ్రౌండుకి కలవడం ఈ వైరు వల్లే. లోపలి గుంత అంతా రాగి రేకు టేపు అంటించి, దాన్ని కూడా గ్రౌండుకి కలిపాను. ఈ టేపు పని ఏమిటంటే, పికప్ రద్దు చేయలేని ఇంకో రకం రొదని ఆపడం. ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటరు, చవక ఎల్‌ఈడీ లైట్లు, ఇన్వర్టరు చిర్రుమనే సన్నని రొద చిమ్ముతాయి. అది ఎక్కువగా గ్రౌండు సరిగా లేని వైర్ల గుండా, మన ఒంటి గుండా లోపలికొస్తుంది. పేర్చిన కాయిళ్ళు గుయ్‌ని కొట్టేస్తాయి గానీ ఈ చిర్‌ని అంతగా పట్టించుకోవు.

పికప్‌లు బిగించాక సగం పనే అయినట్టు. ఈ పొడి నేలలో వేసవికి గిటారు చెక్క ఆరి అడ్డంగా కుంచించుకుపోతుంది. లోహం కుంచించుకోదు. కాబట్టి ఫ్రెట్ల చివరలు మెడ అంచు దాటి బయటికి పొడుచుకొస్తాయి. చెయ్యి జార్చితే రంపం మీద జార్చినట్టుంటుంది. వాడి ఎడమ చేతి చూపుడు వేలు పక్కన గీతలున్నాయి. చిన్న ఆకురాయితో ఒక్కో చివరా అరగదీశాను. మెడ కూడా ఆరి వెనక్కి నిక్కింది. తీగలు ఫ్రెట్లకి తగిలి చిటపటమంటున్నాయి. ట్రస్ రాడ్ పావు తిప్పు వదులు చేస్తే మెడ నడుమ పావు మిల్లీమీటరు పల్లం వచ్చింది. పదిహేడో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 1.6 మిల్లీమీటర్లకి దించాను. పికప్‌లని తీగలకి రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో నిలబెట్టాను. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగని లాగి శృతి చెడగొడుతుంది. ఆఖర్న పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరం, దాని హార్మోనిక్ ఒకటయ్యేదాకా బ్రిడ్జి మీద శాడిళ్ళు ముందుకీ వెనక్కీ జరపడం.

వాడికి ఒక సబ్బు డబ్బా ఇచ్చాను. బెజ్జాలు పెట్టి, తడి స్పాంజి లోపల పెట్టి, గిటారు పెట్టెలో ఉంచమన్నాను. ఎండాకాలం చెక్కకి కాస్త తడి తగలాలి.

ఆంప్‌కి తగిలించాం. మా వరండాలో ఏమీ వినబడలేదు. వాడు గబుక్కున వాల్యూమ్ నాబ్ చూశాడు, తగ్గించి ఉందేమో అని. నిండా తెరిచే ఉంది.

*

ఆదివారం మధ్యాహ్నం ఫోను. "న్నా, గుయ్ తగ్గింది గానీ ఇంగోటి వస్తాంది. తీగల మీద చెయ్యి పెడ్తే ఆగిపోతాది, తీస్తే మళ్ళా వస్తాది."

సాయంత్రం పోయాను. మందిరం ఊరి చివర, బండనేల మీద కట్టింది. వాడు రెండో గొంతు కూడా పాడతాడు. వాయిస్తూ పాడటం మొదలుపెట్టాడు. మైకుకి జానెడు దూరంలో నిలబడ్డాడు. దగ్గరికి రమ్మంటే రాలేదు. అది వాడి స్టయిలనుకుంటున్నారు అందరూ.

"దగ్గరికి పోతే పెదిమెలకి సుర్రుమంటాది న్నా. అలవాటైపోయింది."

అలవాటైపోయిందట! మల్టీమీటరు తీసి సాకెట్టులో పెట్టాను. ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230 దగ్గర్లో చూపించాలి. 140 చూపించింది. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఒకటి రెండు వోల్టులు ఉండాల్సిన చోట 90. అంటే సాకెట్టులో మూడో బెజ్జం ఉంది గానీ దాని వెనక భూమి లేదు. ఆ వైరు దేనికీ కలవకుండా గాల్లో వేలాడుతోంది. ఆంప్‌లోంచి కారే కొద్దిపాటి కరెంటుకి పోయే దారి లేక రేకులోకి, గిటారు తీగల్లోకి, వాడి వేళ్ళలోకి వస్తోంది. మైకు వేరే బోర్డు మీద నడిచే మిక్సరుకి కలిసి ఉంది. ఈ రెండింటి మధ్య వంతెన వాడి పెదవులు.

ఇట్లాంటి వంతెన మీద మనుషులు చనిపోయారు. స్టోన్ ద క్రోస్ బ్యాండు గిటారిస్టు లెస్ హార్వే 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో స్టేజీ మీద, ఎర్తు సరిగా లేని మైకు పట్టుకుని కుప్పకూలాడు. యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ 1976లో ఇంట్లోనే, ఎర్తు సరిగా లేని గిటారు వాయిస్తూ పోయాడు. మన పెళ్ళి పందిళ్ళలో, బహిరంగ సభల్లో జనరేటరు మీద నడిచే స్టేజీల్ని గుర్తు తెచ్చుకోండి. మోత పోవాలని ప్లగ్గుకి మూడో పిన్ను విరిచేసే సౌండు వాళ్ళని మీరూ చూసి ఉంటారు. నిజమే, ఆ పిన్ను తీస్తే కొన్నిసార్లు మోత పోతుంది. రెండు ఎర్తు దారులు కలిసి ఉంగరమైతే వచ్చే మోత అది. దానికి మందు డీఐ బాక్సు మీదుండే గ్రౌండ్ లిఫ్ట్ మీట. పిన్ను విరవడం కాదు. పొగ అలారం మోగుతోందని దాని బ్యాటరీ పీకేయడం లాంటిది అది.

*

మా మేనమామ కడపలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఫోను చేసి చెప్తే మరుసటి రోజే బస్సెక్కి వచ్చాడు, తెలిసిన కాంట్రాక్టరు దగ్గర ఎర్తు టెస్టరు అడుక్కుని మరీ. మందిరం వెనక ఎర్తు గుంత వెతకడానికే గంట పట్టింది. ముళ్ళచెట్టు కింద పైపు ఉంది, పైపుకి పట్టిన క్లాంపు తుప్పు తిని విరిగి ఉంది. తాత్కాలికంగా వైరు కలిపి కొలిచాడు. 60 ఓంలు.

"ఏం అల్లుడా, దీన్ని ఎర్తంటారా? 230ని 60తో భాగించు. నాలుగు ఆంపులు గూడ రాదు. ఆంప్‌లో ఫేజు రేకుకి తగిలినా 16 ఆంపుల ఎంసీబీ పడదు. రేకులో కరెంటు అట్లే నిలిచి ఉంటాది."

ఎందుకట్లా అంటే, భూమిలోంచి కరెంటు పోయేది మట్టి వల్ల కాదు, మట్టిలోని తడి వల్ల, ఆ తడిలో కరిగిన ఉప్పుల వల్ల. బండ అసలే పోనివ్వదు. కోవెలకుంట్ల, నంద్యాల వైపు నల్లరేగడి తడిగా ఉన్నన్నాళ్ళూ చక్కగా పోనిస్తుంది. ఎండాకాలం నెర్రెలిచ్చి పైపుని వదిలేసి పక్కకి జరుగుతుంది. గోదావరి జిల్లాల్లో పైపు దించి మరచిపోయినా నడుస్తుందేమో. ఇక్కడ భూమిని కూడా చెట్టుని చూసుకున్నట్టు చూసుకోవాలి.

ఆవరణలో పల్లపు మూల, బండ లేకుండా మన్ను దొరికిన చోట కొత్త గుంత తవ్వించాం. ఎనిమిది అడుగుల జీఐ పైపు, చుట్టూ బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస, పైన నీళ్ళు పోయడానికి గరాటు, సిమెంటు తొట్టి. మామ చెప్పిందేమంటే, ఏసినంత మాత్రాన అయిపోయేది గాదు, ఎండాకాలం వారానికి రెండు మూడు బిందెలు పోయల్ల.

అక్కడ వచ్చింది అసలు గొడవ. ఆ వీధికి మేలో నీళ్ళు వచ్చేది ట్యాంకరులో. సంఘంలో ఒక పెద్దమ్మ లేచి అడిగింది: "తాగనీకి నీళ్ళు లేక మేము బిందెలు వరసలో పెట్టుకోని కాచుకుంటాంటే, నీళ్ళు తీసుకపోయి గుంతలో పోస్తారా? గిటారు కోసమా?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. గిటారు కోసం కాదమ్మా, మైకు పట్టుకునే ప్రతి ఒక్కరి కోసం, అని మామ నెమ్మదిగా చెప్పాడు. ఆమె మనవరాలు కూడా క్వైరులో పాడుతుంది. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే చేతులు కడిగే కొళాయి నీళ్ళు కాలవలోకే గదా పోతాండాది" అంది. అంతే. ఆ కొళాయి కింది నుంచి గుంత దాకా ఒక పీవీసీ పైపు వేశారు. ఎర్తు ఎట్లున్నా మనిషి గుండా కరెంటు కారితే తెంచేసే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ ఒకటి బోర్డులో పెట్టించారు. గుంత, పైపు, ఆర్‌సీసీబీ, కూలీ అన్నీ కలిపి వాడి పికప్‌ల ఖరీదులో సగం కూడా కాలేదు. కొత్త గుంత నాలుగు ఓంలు చూపించింది.

పికప్‌ల డబ్బు దండగేనా అని వాడు తర్వాత అడిగాడు. కాదు. ఎర్తు బాగుపడ్డాక పాత పికప్‌లు కూడా ఒకసారి పెట్టి విన్నాం. చిర్‌మనే రొద పోయింది, సుర్రుమనేది పోయింది, గుయ్ మాత్రం మిగిలింది. అది కాయిల్ గాల్లోంచి పట్టే మోత, దానికి ఎర్తుతో సంబంధం లేదు. కొత్తవి పెడితే అదీ పోయింది. ఒక్కో మోతకి ఒక్కో చిరునామా ఉంటుంది. ఇప్పుడెవరైనా పికప్‌లు మార్చమని వస్తే నేను చెప్పే వరస ఇది: మొదట ఎర్తు, తర్వాత ప్లగ్గులూ కేబుళ్ళూ, తర్వాత గిటారు లోపలి అతుకులూ రాగి టేపూ, తర్వాత సెటప్, అన్నిటికన్నా ఆఖర్న పికప్‌లు. మొదటి నాలుగూ చవక. ఎవరికీ నచ్చవు, ఎందుకంటే వాటికి డబ్బా ఉండదు, డబ్బా మీద పేరుండదు.

వాడు ఇప్పుడు మైకుకి దగ్గరగా నిలబడి పాడుతున్నాడు. ఇన్నాళ్ళూ వాడి రెండో గొంతు ఎవరికీ సరిగా వినబడలేదు. అది కొంచెం ముక్కుతో పలుకుతుందని ఇప్పుడే తెలిసింది. మోత పోయాక వాడు తీగ మీద వేలు ఆలస్యంగా ఎత్తేది కూడా తెలుస్తోంది. పోయిన వారం క్వైర్ లీడరు దాని మీద గట్టిగానే చెప్పిందట. ప్రాక్టీసు చేయాలని వారానికి మూడు రోజులు మా వరండాకి వస్తున్నాడు.